వసంతాన్ని ఎక్కడ నిలబడి చూడాలి



హైదరాబాదులో పూల చెట్లు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలని ఎవరైనా అడిగితే, మామూలుగా కేబీఆర్ పార్కు పేరు చెబుతారు. లేదంటే పబ్లిక్ గార్డెన్స్ అంటారు. నన్నడిగితే అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కు వెళ్లమంటాను. నవ్వకండి. అమీర్‌పేట అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్సు షాపులు, మైత్రీవనం ముందు కరపత్రాలు పంచే కుర్రాళ్లు. అక్కడ తలెత్తి చెట్టును చూసే తీరిక ఎవరికుందంటారా? తీరిక సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఎత్తు సంగతి.

గుల్‌మొహర్ చెట్టు మనందరికీ తెలుసు. తురాయి అని కూడా అంటాం. ఏప్రిల్ చివర్లో మొదలై మే నెలంతా ఎర్రగా పూస్తుంది. దాని కొమ్మలు పక్కలకు చాచుకుంటూ పోతాయి, పైభాగం ఇంచుమించు చదునుగా ఉంటుంది. పూలన్నీ ఆ కొమ్మల చివర, ఆకాశం వైపు తిరిగి ఉంటాయి. కింద నిలబడి చూసేవాడికి కనిపించేది సగమే. సన్నటి ఆకుల సందుల్లోంచి అక్కడో ఎరుపు, ఇక్కడో ఎరుపు. అసలు ముఖం పైకే ఉంది. ఇన్నాళ్లూ దాన్ని చూసింది కాకులు, గద్దలు, మేడ మీద బట్టలారేసే ఆడవాళ్లు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో రైలు నడవడం మొదలైంది. ఆ మరుసటి ఏడాది వసంతంలో మామూలు జనానికి, ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని రాడ్డు పట్టుకుని నిలబడ్డవాళ్లకు కూడా, ఆ చెట్టు నెత్తిని చూసే యోగం పట్టింది. అమీర్‌పేటలో ఎక్కి, పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్ దాటేలోపు ఫోను జేబులో పెట్టుకుని కిటికీ బయటికి చూడండి. మేడల మధ్య, కాలనీల గోడల వెనక ఎర్రటి పరుపులు ఒకటొకటిగా వెనక్కి జరిగిపోతుంటాయి.

ఈ మెట్రో కోసమే రోడ్ల పక్కన, రోడ్ల మధ్య చాలా చెట్లు పోయాయి. కొన్నింటిని వేళ్లతో సహా పెకలించి వేరే చోట నాటారు, చాలావాటికి ఆ అదృష్టం లేదు. ఆ మాట కూడా చెప్పుకోవాలి. చెట్టును పైనుంచి చూసే చోటును మనకు చెట్టు ఖరీదుతోనే ఇచ్చారు. ఇచ్చాక కూడా చూడకపోతే రెండు విధాలా నష్టం.

ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే. పూసే చెట్టును చూడటానికి ఒక్కో చెట్టుకు ఒక్కో చోటుంది. ఆ చోటు తెలియక మనం వసంతాన్ని సగానికి సగం పోగొట్టుకుంటున్నాం.

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంత రుతువు. మన ఊళ్లో చెట్లు ఆ పంచాంగాన్ని పూర్తిగా ఒప్పుకోవు. శిశిరంలోనే కొన్ని తొందరపడతాయి, గ్రీష్మం వచ్చి పడ్డాక గానీ కొన్ని కదలవు. అందరికన్నా ముందు బూరుగ. జనవరి, ఫిబ్రవరిల్లోనే ఆకులన్నీ దులిపేసుకుని, మందపాటి రెక్కలున్న పెద్ద పెద్ద ఎర్రని పూలు పూస్తుంది. ఈ చెట్టును ముందు చెవితో చూడాలి. గోరింకలు, కాకులు, తేనెపిట్టలు, రామచిలుకలు ఒకేచోట గోల చేస్తుంటే, తలెత్తకుండానే పైన బూరుగ పూసిందని చెప్పేయవచ్చు. ఆ పూలలో తేనె అంత సమృద్ధిగా ఉంటుంది. అమీర్‌పేటలో బూరుగలు ఎక్కువ లేవు. చోటు ఎక్కువ తినే చెట్టు అది, గజం లెక్కన భూమి అమ్మే పేటలో దానికి చోటెవరిస్తారు?

ఆ వెంటనే మోదుగ. దీనికోసం మాత్రం పంజాగుట్ట నుంచి కాస్త పడమరగా, బంజారాహిల్స్ దాటి కేబీఆర్ పార్కు దాకా వెళ్లాలి. 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన ఆ మూడొందల తొంభై ఎకరాల్లో, నగరం పుట్టకముందు ఈ రాతినేల మీద ఏమేం మొలిచేవో కొంతైనా మిగిలి ఉంది. మోదుగ, రేల అక్కడి సొంతదార్లు. తెలంగాణ పల్లెల్లో కాముని పున్నమికి మోదుగ పూలను నీళ్లలో మరిగించి రంగు తీసేవాళ్లు. నారింజ రంగు దిగేది. ఆ చెట్టు ఆకులతోనే విస్తళ్లు కుట్టేవాళ్లు. పూసినప్పుడు మాత్రం ఆకు ఒక్కటీ ఉండదు. వంకర కొమ్మలు, నల్లటి తొడిమలు, వాటి మీద నిప్పు రంగు. మోదుగను దూరం నుంచే చూడాలి. దగ్గరికి వెళితే గిడసబారిన చెట్టు. అర ఫర్లాంగు దూరం నుంచైతే అడవికే నిప్పంటుకుందా అనిపిస్తుంది.

మార్చి వచ్చేసరికి టబెబుయా. దీనికి మన పల్లెల్లో పేరు లేదు, ఎందుకంటే మన పల్లెలకు ఇది తెలియదు. మధ్య అమెరికా, దక్షిణ అమెరికాల నుంచి వచ్చిన చెట్టు. గులాబీ రంగుదొకటి, పసుపు రంగుదొకటి నగరంలో బాగా కనిపిస్తాయి. పార్కుల్లో, రోడ్డు మధ్య డివైడర్ల మీద ఈమధ్య విరివిగా నాటుతున్నారు. గులాబీ రంగుది ఎల్ సాల్వడార్ దేశానికి జాతీయ వృక్షం. రెండూ ఆకు రాల్చి, ఒంటినిండా పూస్తాయి. వారం పది రోజులు, అంతే. ఫొటోల కాలానికి సరిగ్గా సరిపోయిన చెట్టు. ఏ పక్క నుంచి చూసినా బాగుంటుంది, ఫోనులో అయితే మరీ బాగుంటుంది. నాకు దీని మీద కోపం లేదు గానీ, అంత మక్కువా లేదు. చూసేవాడి దగ్గర ఏ ఓపికా అడగని అందం, తొందరగా పాతబడుతుంది.

ఓపిక అడిగే చెట్టు కానుగ. ఈ నగరంలో పాత కాలనీల్లో వీధికి పదైనా కానుగలుంటాయి. పశువులు ముట్టవు కాబట్టి, కంచె లేకుండా బతుకుతుంది కాబట్టి అప్పట్లో తెగ నాటారు. మార్చిలో కొత్త ఆకు వేస్తుంది చూడండి, ఆ లేతపచ్చను మించిన రంగు నగరంలో ఇంకొకటి లేదని నా పక్షపాతం. తర్వాత పూస్తుంది. పువ్వు చిన్నది, తెలుపులో కాస్త ఊదా కలిసి ఉంటుంది. పైకి చూస్తే ఆకుల్లో కలిసిపోయి కనిపించదు. కానుగను చూడాలంటే తల దించాలి. పొద్దున్నే, చీపురు పడకముందు, చెట్టు కింద పేలాలు చల్లినట్టుంటుంది. ఎవరో ముగ్గుపిండి ఒలకబోశారా అనుకుని దాటిపోయేవాళ్లే ఎక్కువ.

వేపను చూడటం వృథా. దాని పూత నక్షత్రమంత, రంగు మాసిన తెలుపు. దాన్ని ముక్కుతో పట్టుకోవాలి, అదీ చీకటి పడ్డాక గానీ తెల్లవారుజామున గానీ. పగలు పెట్రోలు వాసన, మిర్చి బజ్జీల నూనె వాసన దాన్ని బతకనివ్వవు. ఉగాది ముందురోజు సాయంత్రం అమీర్‌పేట, ఎస్సార్ నగర్ బజార్లలో వేపపూత రెమ్మలు మామిడాకులతో కలిపి అమ్ముతారు. మిగతా రోజుల్లో మెట్ల మీద రాలి విసుగు పుట్టించిన పువ్వుకు ఆ ఒక్క పూట ధర పలుకుతుంది. 2021 వర్షాకాలం తర్వాత తెలంగాణ అంతటా వేపచెట్లు చివుర్ల నుంచి ఎండిపోతూ వచ్చాయి, గుర్తుందా? నిలువునా మాడిపోయినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే పురుగు కారణమని వ్యవసాయ శాస్త్రవేత్తలు తేల్చారు. వేపకే ఈ గతి పడితే ఇక ఉగాది పచ్చడి ఎలాగని జనం నిజంగానే బెంగపడ్డారు. తర్వాతి వేసవుల్లో చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి.

ఏప్రిల్ నుంచి వీధులు పచ్చతురాయివి. పెల్టోఫోరం అని నర్సరీ వాళ్లంటారు. కొమ్మ కొసల్లో నిలువుగా నిలబడే పసుపు గుత్తులు, వాటి పక్కనే పోయినేటి రాగి రంగు కాయలు. దీన్ని రెండు చోట్ల నుంచి చూడాలి. గుత్తుల కోసం మూడో అంతస్తు బాల్కనీ నుంచి, రాలిన పూల కోసం నేల మీది నుంచి. తెల్లారేసరికి కార్లు, స్కూటర్లు, ఇస్త్రీ బండి, సమస్తం పసుపు పడి ఉంటుంది. నేనొకసారి ఆ రాలిన పూలను మెచ్చుకుంటూ నిలబడితే, వీధులూడ్చే ఆవిడ చీపురు ఆపి అన్నది: “పూలు మంచిగనే ఉంటయి సార్. ఊడ్చేటోళ్లకు తెలుస్తది వాటి బరువు. వాన పడ్డంక చూడుర్రి, రోడ్డుకు అంటుకుంటయి, ఎంత గీకినా రావు.” ఏం జవాబు చెప్పను? “నిజమేనమ్మా” అన్నాను. మన వసంతం ఖర్చు ఒకావిడ నడుం మీద పడుతోందన్న మాట, పూల గురించి రాసే మా బోటివాళ్లు ఎప్పుడూ రాయరు.

నిద్రగన్నేరు గురించి రెండు మాటలు. పెద్ద రోడ్ల పక్కన నీడ పరిచే మహావృక్షం. మబ్బు పట్టినా, పొద్దు గుంకినా ఆకులు ముడుచుకుంటుంది. అది పూస్తుందనే చాలామందికి తెలియదు. పూస్తుంది, కుచ్చుల్లాంటి గులాబీ పూలు, వేసవిలో. అవి కూడా ఆకుల పైనే ఉంటాయి. ఇది కూడా మెట్రో ప్రయాణికుల చెట్టే.

ఇక రేల. గుల్‌మొహర్‌కు పూర్తిగా ఎదురు దీని స్వభావం. పూలన్నీ కిందికి వేలాడతాయి. మూర పొడవు గెలలు, ఒక్కో గెలకు పదుల కొద్దీ పసుపు పూలు, పైన విచ్చుకున్నవి, కింద కొసన ఇంకా మొగ్గలు. రేలను పైనుంచి చూస్తే ఏమీ లేదు. సరిగ్గా దాని కింద, కాలిబాట మీద నిలబడి, మెడ వెనక్కి వాల్చి చూడాలి. ఎండ ఆ రెక్కల్లోంచి వడకట్టుకుని మీ ముఖం మీద పడుతుంది. ఓ రెండు నిమిషాలు నిలబడితే నల్లటి పెద్ద తుమ్మెదలు వస్తాయి. పువ్వును పట్టుకుని అవి రెక్కల కండరాలు గట్టిగా అదిరిస్తే గానీ పుప్పొడి రాలదు. ఆ రొద వినిపిస్తుంది కూడా, పక్కన బస్సు హారను కొట్టకపోతే. కేరళ వాళ్లు విషు పండుగ రోజు పొద్దున లేవగానే మొదట చూసేవాటిలో ఈ పువ్వు ఒకటి. అది వాళ్ల రాష్ట్ర పుష్పం, థాయిలాండ్‌కు జాతీయ పుష్పం. మనకు తంగేడు రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు అదే ప్రాణం కాబట్టి ఆ ఎంపిక సరైనదే. రేలకు మాత్రం మన దగ్గర పండగ లేదు. మన కొండల్లో పుట్టిన చెట్టుకు మరో రాష్ట్రంలో పూజ, మన వీధిలో “ఇదేం చెట్టండీ?” అనే ప్రశ్న.

ఇవన్నీ ఎండలు ముదిరేకొద్దీ ఎందుకు పూస్తాయి? నీళ్లు లేని కాలంలో ఇంత ఆడంబరం ఎందుకు? మన ప్రబంధ కవులు దీనికి దోహదమని ఒక ముచ్చట చెప్పుకున్నారు. అందగత్తె కాలితో తంతే అశోకం పూస్తుంది, పుక్కిట పట్టిన మద్యం చిలకరిస్తే పొగడ పూస్తుంది, కౌగిలిస్తే కురవకం, ఓరకంట చూస్తే తిలకం. ఎంత అందమైన అబద్ధమో! హైదరాబాదు చెట్లను తన్నేది అందగత్తె పాదం కాదు, కరవు. ఏడాదిలో ఇక్కడ కురిసే ఎనిమిది వందల మిల్లీమీటర్ల వాన, అటూ ఇటూగా, జూన్ నుంచి అక్టోబరు లోపే చాలావరకు అయిపోతుంది. తర్వాత నెలల తరబడి నేల ఎండుతుంది. చెట్టు ఏం చేస్తుందంటే, ముందు ఆకులు దులిపేస్తుంది. చెట్టులోని నీరు ఆవిరయ్యేది ప్రధానంగా ఆకుల నుంచే. అవి పోయాక కాండంలో, వేళ్లలో దాచుకున్న నీరు మిగులుతుంది, మొగ్గలకు అందుతుంది. పొద్దు పొడవు పెరగడం కూడా కొన్ని చెట్లకు పూయమని సంకేతం. ఆకుల అడ్డు లేకపోతే పిట్టకు, తుమ్మెదకు పువ్వు దూరం నుంచే కనిపిస్తుంది. పైగా మాఘ ఫాల్గుణాల్లో పూసిన బూరుగ, మోదుగల గింజలు వానలకు ముందే ముదురుతాయి. వేపపండు తొలకరి నాటికి రాలుతుంది, గింజ తడినేల మీద పడుతుంది. ఆడంబరం కింద అంత లెక్క ఉంది.

మన చెట్లలో బయటివెన్ని, సొంతవెన్ని అని తరచూ వాదన వస్తుంది. గుల్‌మొహర్ మడగాస్కర్ నుంచి వచ్చింది. బోయర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1820లలో అక్కడ దాన్ని చూసి లోకానికి చెప్పాడు, ఆ శతాబ్దంలోనే మన దేశానికీ చేరింది. పచ్చతురాయిది ఆగ్నేయాసియా. నిద్రగన్నేరు, టబెబుయా, జకరండా అమెరికా ఖండాలవి. ఈ జకరండా బెంగళూరు చల్లదనానికి బాగా పూస్తుంది, మన వేడికి అంతంత మాత్రమే. పరదేశి చెట్లను కొట్టేయాలని ఆవేశపడేవాళ్లకు నాదొకటే మాట. మిరపకాయ కూడా అమెరికా నుంచే వచ్చింది, ముందు ఆవకాయ మానేసి రండి. ఉన్న చెట్టును బతకనివ్వాలి. కొత్తగా నాటేటప్పుడు మాత్రం మన నేల ఎరిగినవాటికి మొదటి చోటివ్వాలి. ఇందులో దేశభక్తి కన్నా లెక్కే ఎక్కువ. గుల్‌మొహర్, పచ్చతురాయి త్వరగా పెరుగుతాయి, కొయ్య పెళుసు. గుల్‌మొహర్ వేళ్లు పైపైనే పాకుతాయి. మే నెలలో ఈదురుగాలితో వాన వచ్చిందంటే మరుసటి రోజు పత్రికల్లో కార్ల మీద పడ్డ చెట్ల ఫొటోలు చూస్తాం. ఎక్కువసార్లు ఈ జాతులే.

ఈ విషయంలో బెంగళూరును చూసి అసూయపడతాను. 1908లో అక్కడి తోటల బాధ్యత తీసుకున్న క్రుంబిగల్ అనే జర్మన్ ఒక పద్ధతి పెట్టాడు. ఒక వీధి పూత అయిపోయేసరికి మరో వీధి పూయాలి, ఏడాదిలో ఏ నెలా నగరం పువ్వు లేకుండా ఉండకూడదు. 1980లలో నెగిన్‌హాళ్ అనే అటవీ అధికారి అదే ఊళ్లో లక్షల్లో చెట్లు నాటించాడు. మన నగరానికి అలా ఒక్క మనసు వేసిన ప్రణాళిక లేదు. ఏ కాలంలో నర్సరీల్లో ఏది దొరికితే అది. ఒకప్పుడు కానుగ, తర్వాత పచ్చతురాయి, ఇప్పుడు టబెబుయా. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదును ప్రపంచ వృక్ష నగరాల్లో ఒకటిగా గుర్తించారు. ఆ ఏడు మన దేశం నుంచి ఆ పేరు వచ్చింది మనకొక్కరికే. సంతోషమే. అయితే నాటిన మొక్కల సంఖ్య ఒకటి, చూసిన చెట్ల సంఖ్య మరొకటి. రెండో లెక్క ఎవరూ తీయరు.

జపాన్‌లో తీస్తారు. టోక్యోలో యసుకుని మందిరం ఆవరణలో ఒక చెర్రీ చెట్టును గుర్తు పెట్టుకున్నారు. వాతావరణ శాఖ ఉద్యోగి వచ్చి దాని ముందు నిలబడతాడు. ఐదారు పూలు విచ్చాయంటే, టోక్యోలో పూత మొదలైందని అధికారికంగా ప్రకటిస్తారు. ఒక్క చెట్టు, ఐదారు పూలు! దాని కోసం టీవీ కెమెరాలు కాచుకుని ఉంటాయి. మనకు అంత హంగామా అక్కర్లేదు. మన దేశంలోనే సీజన్‌వాచ్ అని ఒక కార్యక్రమం ఉంది. కేరళలో మొదలైంది. బడిపిల్లలు, మామూలు మనుషులు ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి చూసి, ఆకు ఎలా ఉంది, మొగ్గ వచ్చిందా, కాయ పట్టిందా అని రాస్తారు. అలాంటి రాతలు ఏళ్ల తరబడి పోగుపడితే, వాతావరణం మారుతున్నకొద్దీ చెట్ల కాలపట్టిక ఎలా కదులుతోందో తెలుస్తుంది. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే పిల్లలు ఈ పని చేయగలరు. శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి, ఆదిలాబాదు నుంచి వచ్చినవాళ్లు. చాలామందికి తమ ఊళ్లో చెట్ల పేర్లు తెలుసు. ఇక్కడికొచ్చాక ఆ పేర్లు నోటికి రావు, అంతే. గుల్‌మొహర్ కేసరాల తలలు ఒకదానికొకటి మెలేసి లాగి ‘కోడిపందెం’ ఆడుకోని పిల్లాడెవడు? ఆ పూల కింది పచ్చని రక్షకపత్రాలు గోళ్లకు అంటించుకుని దయ్యాల్లా బెదిరించని ఆడపిల్ల ఎవరు? ఆ పువ్వుకు ఐదు రెక్కలు. నాలుగు ఎర్రవి, ఐదోదాని మీద మాత్రం తెలుపు, పసుపు మచ్చలు. ఆడుకున్న చేతికి ఆ ఐదో రెక్క గుర్తుంటుంది.

ఇప్పుడు తీరిక సంగతి, కోపం సంగతి కూడా. అమీర్‌పేటలో తీరిక చేసుకుని ఏ చెట్టు మొదలు చూసినా ముందు కనిపించేది బెరడు కాదు, బోర్డులు. జావా, పైథాన్, ‘ఇరవై రోజుల్లో ఇంగ్లీషు’, లేడీస్ హాస్టల్, రూమ్ టు లెట్. ఒకదాని మీద ఒకటి. చెట్టు ఆకు రాల్చే కాలముంది గానీ ఈ బోర్డులు రాల్చే కాలం లేదు. ప్రతి బోర్డుకూ రెండో నాలుగో మేకులు. బెరడు కిందే పల్చటి పొర ఉంటుంది, చెట్టు లావెక్కేది దానివల్లే. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగేది కూడా బెరడు లోపలి నుంచే. మేకు దిగిన చోటల్లా ఆ దారికి గండి, శిలీంధ్రానికి తలుపు. ఒక మేకుతో చెట్టు చావదు. ఏళ్ల తరబడి వందల మేకులు పడితే లోపల బోలు పడుతుంది, ఒక మే నెల సాయంత్రం గాలికి విరుగుతుంది. అప్పుడు చెట్టు ప్రమాదకరమంటాం.

ఇంకొకటి సిమెంటు. కాలిబాట వేసేటప్పుడు చెట్టు మొదలు దాకా, అంగుళం వదలకుండా పోసేస్తారు. శుభ్రంగా కనిపిస్తుంది, నిజమే. నీళ్లు దిగవు, గాలి దిగదు, వేరు ఊపిరాడక పైకి లేచి ఆ పలకల్నే పగలగొడుతుంది, లేదా కుళ్లుతుంది. 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంలో స్పష్టంగా చెప్పింది: చెట్టు చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయాలి, చెట్లకు కొట్టిన బోర్డులు, తీగలు తొలగించాలి. ఢిల్లీ చెట్టుకు కావలసిన గాలి అమీర్‌పేట చెట్టుకు అక్కర్లేదా?

కొమ్మలు నరకడం గురించి కూడా చెప్పాలి. తీగలకు తగులుతాయని ఎండాకాలంలో, వానలకు ముందు, కొమ్మలు కొట్టిస్తాం. తీగల కింద కొట్టక తప్పదు. కానీ ఆ పని పడేది సరిగ్గా పూత సమయంలో. కాలనీ సంఘాల వాళ్లు ఏ కొమ్మ తీయాలో ముందే చూపించి, ఒకవైపే చెక్కేయకుండా రెండు వైపులా బరువు సమంగా ఉండేలా చేయిస్తే పూత మిగులుతుంది, చెట్టు వాలదు. మొత్తం చెట్టునే కొట్టేయాలనుకుంటే మాత్రం 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాల్సిందే. సొంత ఇంటి ఆవరణలో ఉన్నా సరే. ఈ సంగతి తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు, తెలిసీ ఆదివారం పొద్దున్నే రంపం తెప్పించేవాళ్లూ ఉన్నారు.

కొత్తగా నాటాలనుకునేవాళ్లకు నా సలహా ఇది. పైన కరెంటు తీగలుంటే దేవకాంచనం పెట్టండి. మరీ ఎత్తు పెరగదు, ఊదా రంగు పూలు. ఖాళీ ఎక్కువుంటే పొగడ, నిదానంగా పెరుగుతుంది గానీ నీడ చిక్కన, రాలిన పువ్వు వాడినా వాసన పోదు. పది పన్నెండు అడుగుల చోటుంటే రేల. రేల గింజ పెంకు గట్టిది, ఊరికే పాతితే మొలవడానికి మొరాయిస్తుంది. గరుకు రాయి మీద కాస్త అరగదీసి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి పాతండి. అంత ఓపిక లేకపోతే నర్సరీలో మొక్క దొరుకుతుంది. పూయడానికి కొన్నేళ్లు పడుతుంది. అద్దె ఇంట్లో ఉన్నాం, మేమెందుకు నాటాలంటారా? అమీర్‌పేటలో సగం మంది అద్దెకున్నవాళ్లే. మీరిప్పుడు చూస్తున్న కానుగను నాటింది కూడా బహుశా ఓ అద్దెకున్నాయనే.

నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ రెండో వారానికి మన నగరాన్ని తాకుతాయి. ఆలోగా మీ ఇంటి ముందున్న చెట్టు చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు పగలగొట్టించండి. మొద్దుకున్న మేకులు పీకించండి, బోర్డు ఎవరిదైతే వాళ్లకే మర్యాదగా అప్పజెప్పండి.